ఎత్తెక్కని మోటారుకే అనుమతి

మనిషి చక్రాన్ని కనిపెట్టాడు. గొప్పే, కాదనను. అంతకంటే గొప్ప ఆవిష్కరణ ఇంకొకటుంది: ఆ చక్రం తిరగొచ్చా, తిరగకూడదా అని తేల్చే కార్యాలయం. చక్రం కనిపెట్టినవాడి పేరు ఎవరికీ తెలియదు. కార్యాలయం బోర్డు మాత్రం కొండ కింది నుంచి కూడా కనిపిస్తుంది. నాగరికత అంటే ఇదే. ఒప్పుకోనివాళ్ళు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఆ బోర్డు మీద ఇలా ఉంటుంది: 'స్వగృహ నిర్మిత విద్యుత్ ద్విచక్ర వాహనాల గుర్తింపు, నియంత్రణ మరియు ప్రోత్సాహక విభాగం'. (ప్రోత్సాహం చివర్న ఎందుకుందని అడక్కండి. బోర్డులో అంతవరకే చోటుంది.) ఇంట్లో చేసుకున్న కరెంటు బండికి గుర్తింపు ఇవ్వడం దీని పని. కార్యాలయం కొండమీద పెట్టారు. గాలి బాగుంటుందని అధికారులే కమిటీ వేసుకుని, అధికారులే కొండెక్కి పీల్చి చూసి, అధికారులే నిర్ణయించారు.

కొండమీద పాత క్వార్టర్లున్నాయి. ఎప్పుడో ఉద్యోగాలు చేసి అలిసిపోయినవాళ్ళు వాటిలో ఉంటారు. ఒకప్పుడు బస్సు ఎక్కేది. జనం ఎక్కడం లేదని ఆపేశారు. బస్సు ఏ పూట వస్తుందో తెలియక జనం ఎక్కడం లేదని ఎవరో రాసిచ్చారు. ఆ ఫిర్యాదును గౌరవించి, బస్సు ఏ పూటా రాదని స్పష్టం చేశారు. తర్వాత కొండను 'నిశ్శబ్ద, నిర్ధూమ మండలం'గా ప్రకటించి పెట్రోలు బండ్లను కొండ కిందే ఆపేశారు. ఇక ఎక్కాలంటే కరెంటు బండి కావాలి, లేదా కాళ్ళు కావాలి.

కాళ్ళ సంగతే ఈ కథ.

కొండమీద మూడో వరసలో క్రేన్ పెద్దాయన ఉంటాడు. పనిచేసినన్నాళ్ళూ ఓడరేవులో క్రేన్ నడిపాడు. భార్య పోయింది, షుగరు మిగిలింది. కుడి పాదం కింద పుండు పడింది. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు: "రోజూ శుభ్రం చేసి కట్టు మారిస్తే మానుతుంది. మూడు రోజులు వదిలేశారా, ఆ కాలు మీది కాదు, మాది."

ఆ కట్టు మార్చే మనిషి కట్ల అక్క. ఊళ్ళో అందరూ అదే పేరుతో పిలుస్తారు. ఇళ్ళకు నర్సులను పంపే ఏజెన్సీలో పని. కొండ డ్యూటీ ఆమెదే, ఎందుకంటే మిగతావాళ్ళు తెలివైనవాళ్ళు. రోజూ నడిచి ఎక్కి, నడిచి దిగి, చివరికి ఆమె మోకాలే రోగి అయింది. ఏజెన్సీ మేనేజరు పిలిచి చెప్పాడు.

"చూడమ్మా, నువ్విలా నడిచి నడిచి దారిలో పడితే ఇన్సూరెన్సు వాళ్ళు మమ్మల్ని నమిలేస్తారు. ఈ నెలాఖరు దాకా గడువు, ఆ తర్వాత బండి ఉంటేనే కొండ డ్యూటీ. బండికి ఆఫీసు కాగితం ఉండాలి, కాగితం మీద సీలుండాలి."

"లేకపోతే పెద్దాయన కాలు?"

"కాలు మన కాంట్రాక్టులో ఉంది గానీ, కొండ లేదు."

కంపెనీ కరెంటు బండి కొనే స్తోమత కట్ల అక్క ఇంట్లో ఎవరికీ లేదు. మరిది మాత్రం ఉన్నాడు. మిక్సీలు బాగుచేస్తాడు. ఏ మిక్సీని విప్పినా నాలుగు స్క్రూలు మిగులుతాయి, అయినా మిక్సీ తిరుగుతుంది. కంపెనీవాళ్ళే అనవసరంగా ఎక్కువ బిగిస్తున్నారని అతని సిద్ధాంతం. ఇంజను పీకేసిన పాత మోటారుసైకిలు చట్రం ఒకటి తెచ్చి వసారాలో నిలబెట్టాడు. ఇక మోటారూ బ్యాటరీ ఎంచుకోవడమే మిగిలింది. పెళ్ళిలో వధూవరులను ఎంచుకోవడం ఒక్కటే మిగిలినట్టు.

"వదినా, మోటారుకి స్పీడే ప్రాణం. నాకొదిలెయ్."

"నువ్వు చూసేది మిక్సీలు మరిదీ. నేను ఎక్కేది కొండ."

"ఏదైనా తిరగడమే కదా!"

"మిక్సీ తిరిగితే పప్పు పిండవుతుంది. ఇది తిరక్కపోతే నేను పిండవుతా."

బ్యాటరీ దగ్గర చర్చ ఇంకా ముదిరింది. దూరం ఎక్కువ రావాలంటే పెద్ద బ్యాటరీ కావాలి. పెద్ద బ్యాటరీ అంటే బరువు. బరువు లాగాలంటే పెద్ద మోటారు కావాలి. పెద్ద మోటారు కరెంటు ఎక్కువ తాగుతుంది. అప్పుడు బ్యాటరీ ఇంకా పెద్దది కావాలి.

"దీనికంటే సంసారం నయం," అంది కట్ల అక్క. "దాంట్లో కనీసం ఎవరో ఒకరు అలిగి ఊరుకుంటారు."

నిబంధనల పుస్తకం మాత్రం ఈ చిక్కును ఒక్క వాక్యంలో తీర్చేసింది. రెండొందల యాభై వాట్ల లోపైతే అది ఇంటి బండి. దాటితే అది వాహనం. వాహనం ఫ్యాక్టరీలో పుట్టాలి. ఫ్యాక్టరీలో పుట్టింది ఇంట్లో చేసింది కాదు గనక ఈ కార్యాలయం పరిధిలోకి రాదు. అలాగే, బండి కార్యాలయానికి 'స్వశక్తితో' హాజరు కావాలి. ఎవరి స్వశక్తి అన్నది పుస్తకం రాసినవాడి విచక్షణకు వదిలేశారు. ఆయన రిటైరయ్యాడు.

మరిది చట్టానికి లోబడ్డాడు. రెండొందల యాభై వాట్ల మోటారు తెచ్చాడు. అందులోనూ మిక్సీ బుద్ధి పోనిచ్చుకోలేదు. అన్నిటికంటే వేగంగా తిరిగేదే ఏరి తెచ్చాడు. స్టాండు మీద నిలబెట్టి తిప్పితే వెనక చక్రం కనపడనంత జోరుగా తిరిగింది. వీధంతా చప్పట్లు కొట్టింది. కట్ల అక్క ఎక్కి కూర్చోగానే ఖాళీ జార్ తిరిగినట్టు కేకపెట్టి, కదలకుండా నిలబడింది. వేగానికీ బలానికీ తేడా ఉందని మరిదికి ఆవేళ తెలిసింది. (ఈ తేడా తెలియకుండా పెద్ద పెద్ద పదవులు వెలగబెడుతున్నవాళ్ళున్నారు. మరిది ఒక్కణ్ణీ తిట్టడం న్యాయం కాదు.)

అయినా గడువు దగ్గరపడిందని ఇద్దరూ బయల్దేరారు. కార్యాలయం గేటు దగ్గర ఆరోహణ పరిశీలకుడు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొండ ఎక్కి వచ్చిన ప్రతి బండినీ కళ్ళతో కొలవడం ఆయన ఉద్యోగం.

"ఎలా వచ్చారు?"

"బండి మీదే సార్," అన్నాడు మరిది రొప్పుతూ.

"మరి నీకెందుకా చెమట?"

"చివర్న కొంచెం తోశాం సార్," అంది కట్ల అక్క.

"చివరంటే ఎక్కణ్ణుంచి?"

"కొండ మొదలైన కాణ్ణుంచి."

పరిశీలకుడు శాంతంగా రాసుకున్నాడు. "తోస్తే కదిలేది తోపుడు బండి. దాని విభాగం వేరు. కింద ఊళ్ళో ఉంది. అక్కడికి తోయక్కర్లేదు, వాలే."

తర్వాత బ్యాటరీ స్వభావ అధికారి బల్ల. బ్యాటరీలు కోపమొస్తే అంటుకుంటాయి కాబట్టి వాటి గుణగణాలు విచారించే పోస్టు ఒకటి పెట్టారు. ఆయన బ్యాటరీ పెట్టె మీద చెయ్యి వేసి, జ్వరం చూసినట్టు చూశాడు.

"ఇది ఇంతకుముందు ఎక్కడ పనిచేసింది?"

"బ్యాంకులో సార్. కరెంటు పోతే కంప్యూటర్లు నడిపేది. సెల్స్ విప్పి, మంచివి ఏరి, మళ్ళీ కట్టాను."

"బ్యాంకులోంచి ఎందుకు మానేసింది?"

"మానలేదు సార్. వాళ్ళు పారేశారు."

"అంటే తొలగింపు." ఆయన కళ్ళజోడు తీశాడు. "క్రమశిక్షణ చర్యా, ఆరోగ్య కారణమా?"

మరిది వదిన వైపు చూశాడు. వదిన పైకప్పు వైపు చూసింది.

"ప్రవర్తన ధ్రువపత్రం తెండి. బ్యాంకు ఇవ్వకపోతే విచారణ నేనే జరిపిస్తాను. టైం పడుతుంది."

ఇంటికొచ్చాక మరిది రెండు రోజులు తుక్కు కొట్లన్నీ తిరిగాడు. మూడో రోజు ఒక కొట్టునుంచి మోటారు మోసుకొచ్చాడు. అది కరెంటు ఆటోలో పనిచేసి, ఆటో చచ్చిపోయాక ఒంటరిగా మిగిలింది. నిదానం. ముతక. ఆరుగురిని ఎక్కించుకుని గతుకుల్లో లాగిన ఒళ్ళు.

"దీని వాట్లెంత?" అంది కట్ల అక్క.

"అడక్కు వదినా. అడిగితే అబద్ధం చెప్పాలి."

ముందు చిన్న పళ్ళచక్రం, వెనక పెద్ద పళ్ళచక్రం వేసి చైను తగిలించాడు. బండి కొండెక్కింది. ఎక్కడం అంటే మామూలుగా కాదు. మలుపుల్లో ఆగలేదు, గునగునమంటూ, ఎవరినీ బతిమాలకుండా ఎక్కింది. కట్ల అక్క నేరుగా మూడో వరసలోకి పోయి పెద్దాయన గుమ్మంలో దిగింది.

"ఏమ్మా, నడిచి రాలేదా?" పెద్దాయన మంచమ్మీంచి మెడ సాచాడు. "ఆ మోత చూస్తే మంచి మోటారే. అరవడంలేదు. అరిచే మోటారు, అరిచే మొగుడు, రెండూ బరువెత్తవు."

"మీరు అరిచేవారా?"

"నేను క్రేన్ నడిపానమ్మా. ఇంట్లో బరువెప్పుడూ ఆవిడే ఎత్తింది."

కట్టు మార్చి, పక్కనే ఉన్న కార్యాలయానికి వెళ్ళింది. బండిని ఒంటరిగా పంపడానికి మనసొప్పని మరిది అప్పటికే వెనకాలే నడిచి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

"తోశారా?" అన్నాడు ఆరోహణ పరిశీలకుడు.

"లేదు సార్! ఒక్కచోట కూడా!"

"తోయకుండా ఎక్కిందంటే రెండొందల యాభై దాటినట్టే. తిరస్కరణ."

"మరి దాటకుండా ఎక్కేదెలా?" అంది కట్ల అక్క.

"ఇంతవరకూ ఏదీ ఎక్కలేదమ్మా."

"మరి గుర్తింపు ఎవరికిచ్చారు?"

"డీజిల్ ఆటోలో వేసుకుని తెచ్చినవాళ్ళకి. అదుగో, స్టాండు." గేటు పక్కన నాలుగు డీజిల్ ట్రాలీ ఆటోలు పొగ వదులుతూ నిలబడి ఉన్నాయి. కరెంటు బండ్లను కొండెక్కించడానికి వాటికి ప్రత్యేక అనుమతి ఉంది. స్వశక్తి అంటే గేటు నుంచి బల్ల వరకు అని సవరణ కూడా వచ్చింది. (ఆ సవరణను ఆటో యూనియన్ హర్షించింది.)

కథ ఇక్కడే ముగిసిపోవలసింది. కానీ కార్యాలయంలో ఒక గొప్పతనం ఉంది. తిరస్కరించడానికి కూడా రెండు సంతకాలు కావాలి. మోటారు బల్ల, అంటే గేటు దగ్గరి పరిశీలకుడు, కాదంది. బ్యాటరీ బల్ల ఇంకా ఏమీ అనలేదు, ఎందుకంటే విచారణ జరుగుతోంది. రెండు బల్లలూ మాట్లాడేదాకా ఫైలు బతికే ఉంటుంది. బతికున్న ఫైలుకి ఒక చీటీ ఇస్తారు: 'నిర్ణయం వెలువడే వరకు సదరు వాహనం, యథాతథ స్థితిలో, పరిశీలన నిమిత్తం కార్యాలయానికి వచ్చిపోవచ్చును.' కింద గుండ్రటి సీలు.

"యథాతథ స్థితిలో అంటే?" అన్నాడు మరిది.

"మోటారు మార్చకూడదు. విచారణలో ఉన్నదాన్ని మారిస్తే సాక్ష్యం తారుమారు చేసినట్టు."

"ఎన్నిసార్లు రావచ్చు?"

"నిర్ణయం వెలువడే వరకు అని ఉందిగా. చదువుకోలేదా?"

కట్ల అక్క చీటీని రెండుసార్లు చదివింది. చీటీ తీసుకెళ్ళి ఏజెన్సీ మేనేజరుకు చూపించింది. ఆయన చదవలేదు, సీలు చూశాడు. "గుండ్రంగానే ఉంది," అని కొండ డ్యూటీ రాసేశాడు.

ఇక ఆ ఇంట్లో బ్యాటరీ ఎంపిక అన్నదానికి అర్థమే మారిపోయింది. లోకంలో అందరూ బ్యాటరీ ఎన్ని కిలోమీటర్లు వస్తుందో చూసుకుంటారు. మరిది ఎన్నాళ్ళు తేలకుండా ఉంటుందో చూసుకునేవాడు. బ్యాంకు సెల్స్ విషయం సద్దుమణగబోతోందని తెలియగానే, వాటి పక్కన ఒక వరస సెల్‌టవర్ నుంచి వచ్చినవి కలిపాడు. (మార్చకూడదన్నది మోటారును, బ్యాటరీ మాట ఎవరూ ఎత్తలేదు.) స్వభావ అధికారి ఉలిక్కిపడ్డాడు.

"రెండు వేర్వేరు నేపథ్యాలు ఒకే పెట్టెలోనా? పొసగుతాయా?"

"అదే సార్ నాకూ భయం," అన్నాడు మరిది వినయంగా. "పెద్దలు మీరు తేల్చాలి."

"తొందరపడి తేల్చేది కాదిది."

"అస్సలు తొందరొద్దు సార్."

ఆ చీటీతో కొండెక్కేవాళ్ళు ఇంకా ఉన్నారని తర్వాత తెలిసింది. పాలు పోసేవాడు, గ్యాసు పొయ్యిలు బాగుచేసేవాడు, ట్యూషన్ మేష్టారు, అందరూ పెండింగే. ఊళ్ళో పనికొచ్చే ప్రతి పనీ పెండింగ్ చీటీల మీదే నడుస్తోంది. దారిలో ఎదురైతే కుశలప్రశ్నలు వేసుకునేవారు.

"అక్కా, నీది ఇంకా తేలలేదు కదా?"

"లేదు మేష్టారూ. మీ దయవల్ల చల్లగా ఉంది."

"రెండు బల్లల్నీ ఒకేసారి ఒప్పించకమ్మా. అక్కడే మొన్న బేకరీ అబ్బాయి దెబ్బతిన్నాడు. పాపం, గుర్తింపు ఇచ్చేశారు."

ఇలా రోజూ కట్టు పడింది. అరచేయంత పుండు బొటనవేలి గోరంత అయింది. పెద్దాయన మంచం పట్టుకుని లేచి, గుమ్మందాకా వచ్చి నిలబడ్డాడు. కిటికీలోంచి కార్యాలయం వసారా కనిపిస్తుంది ఆయనకి. రోజూ కేకేసేవాడు.

"ఏమ్మా, నీ బండి పాసైందా?"

"పాసూ కాలేదు, ఫెయిలూ కాలేదు పెద్దాయనా."

"అయితే నా లాంటిదే. ఉండనీ."

సరిగ్గా అప్పుడు ప్రజలమీద పైవాళ్ళకు జాలి కలిగింది. జాలి కలిగితే వారోత్సవం జరుపుతారు. 'పెండింగ్ రహిత వారం' ప్రకటించారు. దానికోసం వేగాధికారి అనే కొత్త మనిషిని పంపారు. చెడ్డవాడైతే బాగుండేది. చాలా మంచివాడు. నవ్వుతాడు, కుర్చీ చూపిస్తాడు, మంచినీళ్ళిస్తాడు. ఇలాంటివాళ్ళతో పోట్లాడ్డం ఎలాగో ఎవరూ నేర్పలేదు మనకు.

"కూర్చోమ్మా," అన్నాడు కట్ల అక్క ఫైలు తిరగేస్తూ. "ఇన్నాళ్ళు తిప్పారా నిన్ను? సిగ్గుపడుతున్నాను."

"పర్లేదు సార్. నాకు అలవాటే."

"పర్లేదంటే ఎలా? నిబంధన ప్రకారం చిన్న మోటారు బిగించి, ఈ పూటే తేల్చేస్తాను."

"వద్దు సార్." కట్ల అక్క లేచి నిలబడింది. "దండం పెడతాను, పెండింగ్‌లోనే ఉంచండి. పైనున్న పెద్దాయనకి ఇంకో నెల కట్టు పడాలి. ఈ బండి ఉంటేనే నేను ఎక్కగలను. ఆ నెల గడిచాక నన్ను తిరస్కరించండి, బండి లాక్కోండి, మీ ఇష్టం."

వేగాధికారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూశారా," అన్నాడు పక్కవాళ్ళతో, "మనం ఎంత ఏడిపించామంటే, న్యాయం జరుగుతుందన్నా నమ్మలేకపోతున్నారు."

"నమ్మకం కాదు సార్," మరిది అడ్డొచ్చాడు. "మీరిచ్చే చిన్న మోటారు కొండెక్కదు. కావాలంటే మీరే ఎక్కి చూడండి."

"నేను కారులో వస్తాను బాబూ. నాకెలా తెలుస్తుంది?" అన్నాడాయన నిజాయితీగా.

బ్యాటరీని సత్ప్రవర్తన కింద క్షమించారు. తిరస్కరిస్తే అప్పీలుకు వెళ్తారు, అప్పీలు మళ్ళీ పెండింగే, కాబట్టి ఆ వారం ఎవరినీ తిరస్కరించకూడదని పైనుంచి ఆదేశం. అందుకని ఆటో మోటారును విప్పించి, నిబంధన ప్రకారం రెండొందల యాభై వాట్లది బిగించి, సీసపు సీలు వేశారు. విప్పిన మోటారు స్టోరులోకి వెళ్ళింది. ఆ స్టోరులోకి వెళ్ళింది ఏదీ ఇంతవరకు తిరిగి రాలేదు, ఒక స్టోరు కీపరుతో సహా. గుర్తింపు పత్రం పట్టుకున్న కట్ల అక్కను గోడకు నిలబెట్టి ఫోటో తీశారు. నవ్వమన్నారు. రెండోసారి కూడా నవ్వమన్నారు.

బండి కొండ దిగడంలో ఏ లోపమూ లేదు.

మర్నాడు ఎక్కలేదు. కట్ల అక్క సగందాకా తోసి, సీలున్న బండిని రోడ్డు పక్కన వదిలితే పోతుందని, మిగతా సగమూ తోసి కట్టు మార్చింది. ఆ మర్నాడు మోకాలు వాచి రెండు రోజులు లేవనివ్వలేదు. ఏజెన్సీకి ఫోన్ చేసి, వేరే ఎవరినైనా పంపమంది.

"కొండకి గుర్తింపు పొందిన బండితో నర్సు ఉంది కదమ్మా," అన్నాడు మేనేజరు. "ఖాళీ లేనిచోట వేరే మనిషిని ఎలా వెయ్యను? నీకు కంగ్రాట్స్ చెప్దామనుకుంటున్నా. పైన ఇంకో ఆరిళ్ళు నీకే రాశాను."

"సారూ, పెద్దాయన కాలికి కట్టు మార్చి రెండ్రోజులైంది."

"బండి ఉంది, కాగితం ఉంది, సీలుంది. ఇంకా వెళ్ళకపోతే అది నీ బద్ధకం కిందికొస్తుంది."

మరిది మోటారు అడగడానికి స్టోరుకి వెళ్ళాడు. ఫైలు ముగిసింది, తెరిస్తే పెండింగ్ పెరుగుతుంది, వారం అయ్యాక రమ్మన్నారు. కొత్త దరఖాస్తు పెడతానన్నాడు. గుర్తింపు ఉన్న బండికి మళ్ళీ గుర్తింపు అడగడం మోసం అన్నారు. బేరానికి ఆటో ఎక్కుదామని స్టాండుకు పోతే స్టాండే లేదు. బండ్లన్నీ గుర్తింపు పొందాక ఇక మోయడానికి ఏముందని అనుమతులు రద్దుచేశారు. పాలు కూడా రావడం లేదని గేటు దగ్గర ఎవరో అన్నారు.

"సీలు తెంపేస్తా వదినా. తుక్కు కొట్లో ఇంకో మోటారు దొరక్కపోదు."

"నువ్వు వెతుకు. నేను నడుస్తా."

నడిచింది. గోడలు పట్టుకుని, మలుపు మలుపుకీ కూర్చుని, పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి చేరింది. పెద్దాయన పాత కట్టు విప్పుతుంటే వాసన ముందు వచ్చింది. పుండు ఇక గోరంత కాదు, మళ్ళీ అరచేయంత. గీత ఒకటి నల్లగా మడమ దాకా పాకింది.

"ఏమ్మా, బండి పాసైందటగా?" అన్నాడాయన. జ్వరంతో గొంతు పీలగా ఉంది. "కిటికీలోంచి చూశాలే, నీకు ఫోటో తీస్తుంటే. చాలా సంతోషమేసింది."

కట్ల అక్క పుండు కడిగింది. మందు రాసింది, కట్టు కట్టింది, ఆ కట్టు ఇక ఎందుకూ కాదని ఆమెకు తెలుసు. ఆస్పత్రికి ఫోన్ చేసింది.

శనివారం కార్యాలయం నివేదిక విడుదల చేసింది. వేగాధికారికి ప్రశంసాపత్రం వచ్చింది. వారం మొత్తంలో కొండమీద తేలకుండా మిగిలింది పెద్దాయన కాలు ఒక్కటే. దాన్ని కూడా శుక్రవారం ఆస్పత్రివాళ్ళు మోకాలి కింద తేల్చేశారు.